అంగుళానికి ఎన్ని

లేలో వచ్చేసరికి నేను కాగితం రోలు మారుస్తున్నాను.
టోపీ మీద మంచు దులపకుండానే అడిగింది:
"అంగుళానికి మూడు వందల చుక్కలు పెట్టనా, ఉర్మస్?"

మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు.
ఎమాయెగి మీద, మా తల్లి ఏటి మీద, ఇంకా కట్టని వంతెన.
కంప్యూటర్లో మాత్రం కట్టేసింది,
కమ్మీల మీద పొద్దుటి మంచు పొడితో సహా.
ఎల్లుండి టౌన్‌హాలు వసారాలో పెట్టాలి.
ఊళ్ళో వాళ్ళు చూసి అవుననో కాదనో చెప్పాలి.

మూడు వందలంటే ఎనభై ఒక్క గంటలట,
ఆమె యంత్రం చెప్పిన లెక్క.
ఎల్లుండికి అన్ని గంటలు లేవు.
ఫిబ్రవరిలో టార్టుకి అంత పగలూ లేదు.

"వంద చాలు" అన్నాను.
"చుక్కలు మూడో వంతుకి దిగితే పని తొమ్మిదో వంతుకి దిగుతుంది.
సాయంత్రం పెట్టి పడుకో,
కాఫీ కాగేలోపు బొమ్మ తయారు."
నమ్మలేదు. ఈ పనిలో కొత్తవాళ్ళెవరూ నమ్మరు.
మోచెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళి
అవతలి గట్టు మీది గోడ చూపించాను.
"ఎన్ని ఇటుకలున్నాయి?"
"ఎర్రగా ఉంది."
"చూశావా! అక్కడ ఐదడుగుల ఇవతలే తాడు కడతారు.
తాడు దగ్గర్నుంచి వందా మూడు వందలూ కవల పిల్లలు,
కన్నతల్లికి తప్ప ఎవరికీ తేడా తెలీదు."

దూరపు కొండలు నునుపంటారు.
ముప్పై ఏళ్ళుగా నా పొయ్యి వెలిగేది
ఆ నునుపు మీదే.

బొమ్మ బాగా వచ్చింది.
ఎలా తెలిసిందంటే, ఎవరూ ప్రింటు ఊసెత్తలేదు.
వంతెన గురించే పోట్లాడుకున్నారు.

అప్పుడు హెల్వె తాడు కింద నుంచి దూరింది.
హెర్నె వీధి, అంటే బఠాణీ వీధి, మూడో ఇల్లు.
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
ముక్కు కాగితానికి ఆనించి
నది అవతల, వంతెన వెనక,
కప్పుల వరసలో వెతికి వెతికి
"ఇదిగో నా వంటిల్లు" అంది.
ఆవగింజంత కిటికీ.
నాలుగు పసుపు చుక్కలు.
"ఇది పొయ్యి. ఇది దీపం. ఇది పిల్లి.
ఈ నాలుగోది ఏమిటమ్మాయ్?"

లేలో నా వైపు చూసింది.
నేను తాడు వైపు చూశాను.
ఎంత బొమ్మని ఎంత దూరం నుంచి చూస్తారో
నా గోడ మీద పట్టిక ఉంది.
అందులో హెల్వె లేదు.

ఆ రాత్రి షాపు మూసే వేళకి మళ్ళీ వచ్చింది.
"ఆ కిటికీ ఒక్కటే. అరచేతంత కార్డు.
ఆరు వందలు పెట్టాను, వద్దనకు."
వద్దనలేదు. తీశాం. సిరా ఆరేదాకా
ఇద్దరం బల్లకి చెరో పక్క నిలబడ్డాం.

చట్రం మీద పెచ్చులూడిన నీలం రంగు.
గాజు మూల గడ్డకట్టిన మంచు ఈక.
లోపల పసుపు.
భూతద్దం పెట్టాను.
పసుపు.

గాజు వెనక ఆమె నిలబెట్టింది ఒక్క పసుపు పలక,
దూరం నుంచి దీపంలా ఉంటే చాలని.
ఆరు వందలైనా ఆరు వేలైనా
పెట్టని పిల్లి ఎక్కణ్ణుంచి వస్తుంది?
ఖాళీ మాత్రం ఎంత చక్కగా వచ్చిందో,
అంచు ఎక్కడా చెదరలేదు.
నా చేతుల మీదుగా అంత శుభ్రమైన ప్రింటు
ఈ ఏడాదిలో రాలేదు.

కార్డుని కత్తెర కింద పెట్టి నాలుగు ముక్కలు చేసింది.
టేపు ఉందా అని అడిగింది.
అంటించేది కాదు, కొలిచేది.

మర్నాడు పది గంటలకి హెర్నె వీధి నుంచి ఫోన్.
పొయ్యి అయిందట, దీపం అయిందట,
పిల్లి కొలవనివ్వడం లేదట.
వెనక నుంచి హెల్వె కేక వినబడింది:
"రేడియో! నాలుగోది రేడియో అని చెప్పు ఆయనకి!"

చేతిలో ఉన్న ఆర్డరు చీటీ మీద
రేడియో అని రాసుకున్నాను.
పక్కన ఎన్ని చుక్కలో రాసే గడి
ఇంకా ఖాళీగానే ఉంది.